హైదరాబాద్ ఎండకి మీటరు ఫోమ్ ఎక్స్‌ట్రా: ఫ్రేము తీసుకోండి, కాంబో వద్దు

నేను ఏసీ మెకానిక్‌ని, మూసాపేటలో ఉంటాను. ఎండాకాలం అన్నం తినడానికి కూడా టైముండదు. మిగతా కాలమంతా ఆదివారం తెల్లారకముందే రేడియో, బ్యాటరీలు సర్దుకుని రిమోట్‌తో నడిపే మోడల్ విమానం ఎగరేయడానికి పోతాను. ఈ రివ్యూలో సగం వేడి గురించే ఉంటుంది, అందుకే నా పనేమిటో ముందే చెబుతున్నా. ఏ మెషీను రేటింగ్ ప్లేటు చూసినా ‘ఇది ఎన్ని డిగ్రీల దగ్గర రాసిన అంకె?’ అని అడగడం మాకు అలవాటు. మన దేశంలో ఏసీ టన్నేజీ లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద అవుట్‌డోర్ యూనిట్ పక్కన కూర్చుని పనిచేసినవాడికి ఆ 35కీ అసలు ఎండకీ ఎంత తేడానో తెలుసు. ఆర్‌సీ (రేడియో కంట్రోల్) సామాన్ల మీద ఆ మాత్రం కూడా రాయరు. 30 ఆంప్స్ అని ఉంటుంది, అంతే.

కొన్నది ఈపీపీ ఫోమ్‌తో చేసిన ఎక్స్‌ట్రా 300. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి ఒక మీటరు. జర్మనీలో వాల్టర్ ఎక్స్‌ట్రా డిజైన్ చేసిన అసలు విమానం 1988లో మొదటిసారి ఎగిరింది. అప్పటి నుంచి ఏరోబాటిక్ (గాల్లో పల్టీలు కొట్టే) మోడళ్లు చేసే చాలా కంపెనీలు దాని పోలికతో ఏదో ఒకటి అమ్ముతూనే ఉన్నాయి. నాది సికింద్రాబాద్‌లో ఒక హాబీ షాపులో దొరికింది. ఫ్రేము (ఒట్టి ఫోమ్ విమానం), మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, పలకల్ని కదిపే నాలుగు సర్వోలు, ప్రాప్ (ప్రొపెల్లర్) ఒకే డబ్బాలో పెట్టి కాంబో అని 11,500కి ఇచ్చారు. బ్యాటరీ, రేడియో, రిసీవర్ మనవే. షాపు పేరు రాయను. ఇదే డబ్బా వేరే స్టిక్కరుతో ఇంకోచోట కూడా చూశాను కాబట్టి పేరు రాసి లాభం లేదు.

ముందు మంచి మాట. ఫ్రేము చాలా బాగుంది. రెక్కల్లో కార్బన్ ట్యూబ్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉంది. తోకలో కూడా కార్బన్ పట్టీ వేశారు. రెక్క కొస పట్టుకుని మెలిపెడితే మెలి తిరగదు. 2200 ఎంఏహెచ్ బ్యాటరీతో కలిపి నా తూకంలో 785 గ్రాములు వచ్చింది. ఈ సైజుకి అది సరైన బరువు. థర్మోకోల్‌తో మొదలుపెట్టినవాళ్లకి ఈపీపీ విలువ తెలుస్తుంది. థర్మోకోల్ మీద ఫెవిక్విక్ పడితే కరిగి గుంట పడుతుంది, ముక్కు నేలకి తగిలితే పొడిపొడి అవుతుంది. ఈపీపీ అలా కాదు. నలిగి మళ్లీ లేస్తుంది, చీలితే ఫెవిక్విక్ వేసి అర నిమిషం అదిమి పట్టుకుంటే అతుక్కుంటుంది. గ్రౌండులోనే రిపేరు చేసి మళ్లీ ఎగరేయొచ్చు. ఏరోబాటిక్స్ నేర్చుకునేవాడికి అంతకంటే కావలసింది లేదు, ఎందుకంటే నేల దగ్గర చేస్తేనే వస్తుంది, నేల దగ్గర చేస్తే తగులుతుంది.

ఎగరడం గురించి. డబ్బాలో వచ్చిన కాగితంలో సీజీ (విమానం బరువు తూగే చోటు) రెక్క ముందు అంచు నుంచి 100 మిల్లీమీటర్లు అని ఉంది. అక్కడ పెడితే తోక బరువుగా అనిపించింది, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) ముట్టుకుంటే చాలు ముక్కు ఎగిరిపడేది. 90కి తెచ్చాను. కాగితాన్ని నమ్మేకంటే విమానాన్నే అడగడం మేలు: 45 డిగ్రీల ఏటవాలుగా పైకి పోతూ తిరగేయండి, ఎలివేటర్ వదిలేయండి. అదే గీత మీద పోతూ ఉంటే సరిపోయింది. ముక్కు గబుక్కున నేలవైపు వాలిపోతే ముందు బరువెక్కువ, పైకి లేస్తే వెనక బరువెక్కువ. నాది 90 దగ్గర కొంచెంగా వాలుతుంది, నాకు అదే కావాలి. హోవర్ (ముక్కు పైకి నిలబెట్టి గాల్లో ఒకచోట ఆపడం) తప్ప ఇంకేమీ వద్దనే కుర్రాళ్లు 95కి పెట్టుకోవచ్చు.

రోల్, అంటే పక్కకి దొర్లడం, చాలా శుభ్రంగా ఉంది, కార్క్‌స్క్రూలా వంకర్లు పోదు. నిలువుగా పైకి లాగితే ఎడమకి జారలేదు, అంటే ఫైర్‌వాల్‌కి (మోటారు బిగించే పలకకి) కుడివైపు కోణం ఫ్యాక్టరీలోనే సరిగ్గా ఇచ్చారు. స్టాల్ టర్న్‌కి (నిలువుగా పోయి ఆగే చోట పక్కకి తిరిగి దిగడానికి) రడ్డర్, అంటే తోక నిలువు పలక, సరిపోతుంది. నైఫ్ ఎడ్జ్‌లో (రెక్కలు నిలువుగా పెట్టి పోయేటప్పుడు) మాత్రం పొట్టవైపు కొంచెం లాగుతుంది. రేడియోలో రడ్డర్ నుంచి ఎలివేటర్‌కి చిన్న మిక్స్ వేస్తే (ఒకటి కదిపితే రెండోదీ కొంచెం కదిలేలా) పోయింది. హారియర్‌లో, అంటే ముక్కు పైకెత్తి నెమ్మదిగా ఈడ్చుకుపోయేటప్పుడు, రెక్కలు అటూ ఇటూ ఊగుతాయేమో అని చూశాను. డబ్బాలో వచ్చిన పక్క పలకలు రెక్కల కొసలకి పెడితే ఊగడం చాలావరకు ఆగింది. ఆ పలకలతో రోల్ కాస్త మందగిస్తుంది, అయినా నేను తీయలేదు.

కంట్రోల్ కదలికలు కాగితంలో డిగ్రీల్లో ఇచ్చారు. డిగ్రీలు కొలిచే సాధనం అందరి దగ్గరా ఉండదు, స్కేలు ఉంటుంది. ఈ ఎలివేటర్ వెడల్పు 60 మిల్లీమీటర్లు. 45 డిగ్రీలు తిరగాలంటే దాని వెనక అంచు 42 మిల్లీమీటర్లు లేవాలి. అంత కదలిక ఉన్న విమానానికి ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో కదలికని మెత్తబరిచే రేడియో సెట్టింగ్) లేకుండా వెళ్లొద్దు. హై రేట్‌లో (పెద్ద కదలికల సెట్టింగ్‌లో) 55 శాతం, లో రేట్‌లో (చిన్న కదలికల దాంట్లో) 30 శాతం పెట్టుకున్నాను. మొదటిసారి ఎగరేసేవాళ్లు లో రేట్‌లో 15 డిగ్రీలకి మించనివ్వకండి. ఇది ట్రైనర్ కాదు. రేడియో స్టిక్కులు వదిలేస్తే తనంతట తాను సర్దుకునే విమానం కాదు, ఎలా పెట్టి వదిలారో అలాగే పోతుంది. కాబట్టి హై వింగ్ (రెక్క పైన ఉండే) ట్రైనర్ విమానం మీద చెయ్యి తిరగనివాళ్లు దీన్ని కొనకపోవడమే మంచిది, రివ్యూ ఎంత బాగున్నా సరే.

ఇప్పుడు డబ్బాలో మిగతా సామాను.

సర్వోలు నీలం రంగు ప్లాస్టిక్ గేర్ల 9 గ్రాములవి, బొమ్మల రోబోల్లో వాడేవి. చేత్తో కదిపితే గేర్ల మధ్య ఆట తెలుస్తుంది. ఆ ఆట చిన్నదే కదా అనుకోవద్దు. హార్న్ (పలకకి అతికించిన చిన్న చేయి) పొడవు 12 మిల్లీమీటర్లు, పలక వెడల్పు 60. పుష్‌రాడ్ (సర్వోని హార్న్‌కి కలిపే కడ్డీ) దగ్గర 0.3 మిల్లీమీటర్ల లూజు ఉంటే వెనక అంచు దగ్గర అది మిల్లీమీటరున్నర అవుతుంది. సీజీ ఎంత సరిగ్గా ఉన్నా అలాంటి ఎలివేటర్‌తో విమానం తిన్నగా పోదు, ట్రిమ్ నొక్కుతూ కూర్చోవాలి. చాలామంది ‘విమానం నిలకడగా లేదు’ అనేది దీని గురించే. మెటల్ గేర్లవి వేశాక అదే విమానం మారిపోయింది.

మోటారు 2216 సైజు, 1250 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి అన్ని చుట్లు). ప్రాప్ 10x4.7 (పొడవు, పిచ్ అంగుళాల్లో). డీసీ క్లాంప్ మీటర్ నా పనిముట్లలో ఎలాగూ ఉంటుంది. పొద్దున చల్లటి వేళ, ఫుల్ చార్జ్ చేసిన 3ఎస్ (మూడు సెల్‌ల) బ్యాటరీతో, తోక గట్టిగా పట్టించి ఫుల్ థ్రాటిల్ ఇస్తే 29 ఆంప్స్ చూపించింది. డబ్బాలోని ఈఎస్‌సీ 30 ఆంప్స్‌ది. షాపులో చెప్తే కౌంటర్ దగ్గరి తమ్ముడు నవ్వేశాడు. ‘గాల్లకి పోయినంక తగ్గుతది అన్నా, అందరు గదే పెట్టుకుంటున్రు’ అన్నాడు.

తగ్గుతుంది, నిజమే. విమానం ముందుకి పరుగెడుతుంటే ప్రాప్ మీద భారం తగ్గుతుంది. కానీ ఇది పరుగెత్తడానికి కొనే విమానమా? హోవర్‌లో ముందుకి వేగమే లేదు, బెంచ్ మీద ఉన్నట్టే లెక్క. పైగా హోవర్ ఫుల్ థ్రాటిల్‌లో జరగదు, సగం పైన ఎక్కడో జరుగుతుంది. ఈఎస్‌సీకి అసలు కష్టం అక్కడే: పూర్తిగా తెరిచి ఉంచకుండా సెకనుకి వేలసార్లు కరెంటు ఆపి వదులుతుంటుంది, ప్రతిసారీ కొంత వేడి. చల్లబరచడానికి ప్రాప్ వెనక గాలి తప్ప ఇంకేమీ లేదు. ఏప్రిల్‌లో ఎనిమిదింటికే ఎండ ముదిరిన ఒక ఆదివారం, తల ఎత్తులో హోవర్ చేస్తుండగా పవర్ దానంతట అదే కుంగిపోయింది. విమానం తోక మీద కూలబడింది. ఈపీపీ కాబట్టి రడ్డర్ అంచు నలిగి ఊరుకుంది. కానపీ (పైమూత) తీసి ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే ఈఎస్‌సీ మీద 96 డిగ్రీలు. మోటారు బెల్ (బయట తిరిగే డొప్ప) 81. (మెరిసే లోహం మీద ఆ గన్ తప్పు చెబుతుంది, తక్కువ చూపిస్తుంది. చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. ఏసీ పైపుల మీద కూడా అంతే.) మోటార్లలో వాడే మామూలు గ్రేడ్ నియోడిమియం అయస్కాంతాలకి 80 డిగ్రీలు హద్దు. అది దాటుతూ ఉంటే అయస్కాంతం బలం తగ్గుతుంది, చల్లారాక కూడా పూర్తిగా తిరిగి రాదు.

ఇంకోటి ఉంది, అది ఇంతకంటే ప్రమాదం. రిసీవర్‌కి, సర్వోలకి 5 వోల్టులు ఇచ్చే బీఈసీ ఆ ఈఎస్‌సీలోనే ఉంటుంది. డబ్బాలోది లీనియర్ రకం. ఎక్కువైన వోల్టేజీని వేడిగా మార్చి పారేయడమే దాని పద్ధతి. ఫుల్ బ్యాటరీ 12.6 వోల్టులు, మనకి కావలసింది 5, మిగిలినవి 7.6. నాలుగు సర్వోలు కలిసి ఒకటిన్నర ఆంప్ లాగితే 11 వాట్లకు పైగా వేడి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో దాదాపు సగం, ఫోమ్ గుహలో మూసిపెట్టి. మోటారు ఆగితే గ్లైడ్ చేసి దించొచ్చు. బీఈసీ వేడెక్కి ఆగితే రిసీవరే చచ్చిపోతుంది, ఇక చేతిలో ఏమీ ఉండదు. హోవర్ లాంటి 3డీ విన్యాసాలు చేసే నాలుగు సర్వోల విమానానికి, 3ఎస్ మీద, లీనియర్ బీఈసీ ఇవ్వడం తప్పు. చల్లటి దేశంలోనూ తప్పే, మన దగ్గర ఇంకా తప్పు.

నేను మార్చినవి ఇవీ. ఈఎస్‌సీ 40 ఆంప్స్‌ది, 5 ఆంప్స్ స్విచింగ్ (అంతగా వేడెక్కని రకం) బీఈసీతో. మోటారు అదే సైజులో 950 కేవీ, ప్రాప్ 11x4.7. కేవీ తగ్గితే పవర్ తగ్గుతుందని చాలామంది భయపడతారు. పెద్ద ప్రాప్‌ని నెమ్మదిగా తిప్పి ఎక్కువ గాలిని నెట్టడం, చిన్న ప్రాప్‌ని గిరగిరా తిప్పడం కంటే తక్కువ కరెంటుతో అవుతుంది. సీలింగ్ ఫ్యానుకి అంత పొడవు రెక్కలు పెట్టేదీ అందుకే. కొక్కెం తూకంతో లాగించి చూస్తే రెండింటికీ లాగుడు కిలో రెండొందల గ్రాముల దగ్గరే వచ్చింది, కొత్తదానికి కరెంటు మాత్రం 21 ఆంప్స్. నష్టం లేకపోలేదు. ఫుల్ స్పీడు తగ్గింది, గాలి ఉన్న రోజు ఎదురుగా చొచ్చుకుపోవడం కష్టం. 11 అంగుళాల ప్రాప్ గడ్డికి తగులుతుంది, కాబట్టి రోడ్డు మీద నుంచి లేపాలి, లేదంటే చేత్తో విసరాలి.

తర్వాత గాలి దారి. కౌలింగ్ (మోటారు చుట్టూ ఉండే ముక్కు తొడుగు) ముందు పెద్ద నోళ్లు ఇచ్చారు, చూడటానికి బాగున్నాయి. బయటికి పోయే దారి మాత్రం ల్యాండింగ్ గేర్ వెనక చిన్న చీలిక. నా వృత్తిలో మొదటి పాఠం ఇదే: లోపలికి వచ్చే గాలి కంటే బయటికి పోయే గాలి ముఖ్యం. పొట్ట కింద, బ్యాటరీ వెనక, ముందు రంధ్రాలకి రెట్టింపు వైశాల్యంలో కోసేశాను. ముందు సగం టేపుతో మూసినా పర్వాలేదు. ఇవన్నీ అయ్యాక అదే ఎండలో ఈఎస్‌సీ 60 దాటలేదు.

వేడి అంటే మోటారుకే కాదు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తు. 40 డిగ్రీల మధ్యాహ్నం ఇక్కడి గాలి, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల ప్రామాణిక గాలి కంటే దాదాపు 14 శాతం పలచన. ప్రాప్ లాగుడు ఆ మేరకు తగ్గుతుంది, రెక్క పట్టు తప్పే వేగం 7, 8 శాతం పెరుగుతుంది. జనవరిలో చక్కగా దిగిన వేగానికే మేలో దించితే దబ్బున పడుతుంది. విమానం పాడైందని అనుకోకండి.

ఫ్యాక్టరీలో హార్న్‌లని హాట్ గ్లూతో అతికించారు. ఎండలో ఆపిన కారులో అది మెత్తబడుతుంది. ఎయిలరాన్ (రెక్క వెనక అంచు పలక) హార్న్ ఒకటి గ్రౌండులో చెక్ చేస్తుంటే చేతికొచ్చింది. అన్నీ పీకి ఎపాక్సీతో పెట్టండి, అరగంట పని. బ్యాటరీ కింది వెల్క్రో గమ్ము కూడా ఎండకి జారుతుంది, దాని మీద పట్టీ తప్పనిసరి. రెక్కల అడుగు నల్ల రంగు, కిందినుంచి చూసేవాడికి తిరగేసి ఉందో లేదో తెలియడానికి. మంచి ఆలోచనే. కానీ తిరగేసి ఎండలో పెట్టారంటే ఆ నల్ల వైపు వేడెక్కి రెక్క వంగుతుంది. నీడ లేకపోతే పాత తెల్ల పంచె కప్పండి. లైపోల (ఈ లిథియం బ్యాటరీల) సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటా: సెల్‌కి 4.2 వోల్టులకి మించి ఎక్కించొద్దు, ఎగరేసి దించాక 3.7 దగ్గర ఉండాలి, ఇంట్లో పెట్టేటప్పుడు 3.8. దించిన వెంటనే వేడిగా చార్జింగ్ పెట్టొద్దు. కారు డిక్కీలో అస్సలు వదలొద్దు. నా టైమర్ ఐదు నిమిషాలు.

ఎక్కడ ఎగరేస్తావు అని అందరూ అడుగుతారు. శంకర్‌పల్లి వైపు ప్లాట్లు కొట్టి, రోడ్లు వేసి, ఇళ్లు ఇంకా కట్టని వెంచర్లు ఉన్నాయి. 40 అడుగుల తారు రోడ్డు, కరెంటు స్తంభాలు ఇంకా పాతని వైపు. ఈ విమానానికి అంతకంటే రన్‌వే అక్కర్లేదు. వాచ్‌మన్‌ని అడిగి, ఓనరు నంబరు తీసుకుని, పర్మిషన్ తీసుకుని వెళ్లండి. 2021 డ్రోన్ రూల్స్ మనకీ వర్తిస్తాయి, ‘నాది డ్రోన్ కాదు, విమానం’ అంటే కుదరదు. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు గ్రీన్ జోన్‌లో ఉందా అని చూసుకోవాలి. గ్రీన్‌లో 400 అడుగుల వరకు, ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ రన్‌వేలన్నీ మన చుట్టూనే ఉన్నాయి, కాబట్టి ఊళ్లో ఏ గ్రౌండు కనబడినా అక్కడ రేడియో తీయొద్దు. వాతావరణానికైతే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట స్వర్గం. సంక్రాంతి వారం తప్ప. మాంజా దారం ప్రాప్ షాఫ్టుకి చుట్టుకుంటే మోటారు ఆగుతుంది, ఈఎస్‌సీ పొగ వస్తుంది. ఆ వారం ఇంట్లో కూర్చుని సోల్డరింగులు చేసుకోవడం మంచిది.

సోల్డరింగ్ అంటే గుర్తొచ్చింది: ఈఎస్‌సీకి వచ్చిన టీ ప్లగ్గు (బ్యాటరీ కనెక్టరు) టంకం సరిగ్గా కరిగి అంటుకోని రకం, లాగితే తీగ ఊడింది. ఎక్స్‌టీ60 ప్లగ్గు పెట్టాను. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, నాసిరకం తీసుకోకండి. గుచ్చి తీసేటప్పుడు వదులుగా ఉంటే అది నాసిరకమే.

డబ్బు లెక్క. ఫ్రేము ఒక్కటే 6,500. మోటారు 1,600, ఈఎస్‌సీ 1,900, మెటల్ గేర్ సర్వోలు నాలుగూ కలిపి 2,600. మొత్తం 12,600, అంటే కాంబో కంటే వెయ్యి చిల్లర ఎక్కువ. కాంబో కొని తర్వాత ఇవన్నీ మార్చుకుంటే 17,000 దాటుతుంది. ఏరోబాటిక్స్ చేయను, మెల్లగా చక్కర్లు కొట్టిస్తాను అంటారా, కాంబోలోని మోటారుకి 8 అంగుళాల ప్రాప్ వేసుకుంటే సరిపోతుంది. కానీ అందుకోసం ఎక్స్‌ట్రా ఎందుకు?

షాపు గురించి న్యాయంగా చెప్పాలి. డబ్బా విప్పి చూడనిస్తారు, తూకం వేయనిస్తారు, ఫోన్ చేస్తే ఎత్తుతారు. ఈఎస్‌సీ మాత్రం వాపసు తీసుకోలేదు, ‘ఎలక్ట్రానిక్స్‌కి వారంటీ లేదన్నా’ అనేశారు. ఫ్రేము ఒక్కటే కావాలంటే మొదట లేదంటారు. స్పేర్ పార్టుల కింద ఫ్యూజిలాజ్ (మొండెం), రెక్కలు, తోక, కానపీ విడిగా బిల్లు వేయమని అడగండి, వేస్తారు. ల్యాండింగ్ గేర్, దాన్ని బిగించే ప్లైవుడ్ పలక ఆ లిస్టులో ఉండవు. ఈ విమానంలో ముందు విరిగేవి అవే కాబట్టి రెండు జతలు అడిగి తీసుకోండి.